గోలకొండ తలుపులు తీసిన జగదేవరావు



ఈ నెల మీరు రాసిన ఉత్తరాల్లో రెండు నన్ను చాలాసేపు కూర్చోబెట్టాయి. మొదటిది సిరిసిల్ల నుంచి వచ్చింది. "పదహారో శతాబ్దంలో ఇంగ్లండులో ఒక సిపాయి ఉండేవాడట. ఇవాళ ఒక రాజు దగ్గర, రేపు ఇంకొక రాజు దగ్గర కొలువు చేస్తూ ఎన్నో దేశాలు తిరిగి యుద్ధాలు చేశాడట. మా అన్న లైబ్రరీలో చదివి చెప్పాడు. మన దిక్కు అటువంటి సిపాయి ఎవరూ లేరా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. రెండోది జగిత్యాల నుంచి ఒక చిన్నారి రాసింది. "మా ఊరికి జగదేవుడనే రాజు పేరు వచ్చిందని మా తాత అంటాడు. కోరుట్లలో ఉండే మా మామేమో, కాదు, గోలకొండ నవాబుల కాలపు జగదేవరావు పేరు అంటాడు. కోట కట్టించింది కూడా ఆయనేనట. ఇద్దరిలో ఎవరి మాట నిజం?" అని.

తమాషా ఏమంటే, మొదటి ఉత్తరానికి జవాబు రెండో ఉత్తరంలోనే ఉన్నది.

ముందు తాత, మామల తగాదా తీర్చేద్దాం. జగిత్యాల దగ్గర పొలాస అనే ఊరున్నది. పూర్వం దాన్ని పొలవాస అనేవారు. పన్నెండో శతాబ్దంలో అక్కడ మేడరాజు, జగ్గదేవుడు మొదలైనవాళ్ళు ఏలారు. కాకతీయ రుద్రదేవుడు మేడరాజును ఓడించినట్టు హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం చెబుతున్నది. ఆ జగ్గదేవుడి పేరే జగిత్యాలకు వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. అంటే తాతదే పైచేయి. గోలకొండ జగదేవరావు ఆ జగ్గదేవుడికి నాలుగు వందల ఏళ్ళ తర్వాతివాడు. ఇక కోట మాట: నక్షత్రం ఆకారంలో కనిపించే జగిత్యాల కోటను 1747 ప్రాంతంలో ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో కట్టారు. అది జగదేవరావు కాలానికి దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత. కనక అమ్మాయీ, ఈ పేజీ మీ మామకు చూపించు, కాని నవ్వకు. పేరు ఒకటే అయినప్పుడు ఎవరైనా పొరబడతారు. పైగా గోలకొండ జగదేవరావుకు మీ జిల్లాల నేలతో సంబంధం లేకపోలేదు. అది ముందు ముందు వస్తుంది.

సిరిసిల్ల అబ్బాయి ఇంగ్లీషు సిపాయి పేరు రాయలేదు. థామస్ స్టక్లీ అయివుంటాడనుకుంటాను. ఇతను డెవన్ సీమలో పుట్టాడు. మొదట ఫ్రాన్సు రాజును కొలిచాడు. తర్వాత ఫ్రాన్సుతో పోరాడుతున్న సవాయ్ ప్రభువును కొలిచాడు. స్పెయిన్ రాజు దగ్గరికి వెళ్ళాడు. 1571లో తుర్కులతో లెపాంటో దగ్గర సముద్రం మీద జరిగిన మహాయుద్ధంలో ఉన్నాడు. 1578లో, తన సొంత రాణి ఎలిజబెత్తు మీదనే ఐర్లండులో తిరుగుబాటు లేపుతానని పోపు దగ్గర ఓడా సైనికులూ తీసుకుని బయలుదేరాడు. దారిలో లిస్బన్ రేవులో ఆగితే, పోర్చుగల్ రాజు సెబాస్టియన్ మొరాకో మీదికి దండు కడుతున్నాడు. స్టక్లీ ఐర్లండు మాట మరిచి అతని వెంట వెళ్ళాడు. ఆగస్టు 4న జరిగిన ఆ యుద్ధంలో ముగ్గురు రాజులు చచ్చిపోయారు. స్టక్లీ కూడా చచ్చిపోయాడు. ఆ తర్వాత లండన్‌లో ఇతని మీద నాటకాలు కట్టి ఆడారు.

సరిగ్గా ఆ కాలంలోనే మన దేశంలో ఇటువంటి ఆసామి ఒకడుండేవాడు. అతనే జగదేవరావు. తెలుగువాడు. అయితే ఒక తేడా ఉంది. స్టక్లీ ఎందరో రాజుల్ని కొలిచాడు గాని, ఎవరినీ రాజుగా చెయ్యలేకపోయాడు. జగదేవరావు ఒకతన్ని రాజుగా నిలబెట్టాడు.

అదెలా సాధ్యమయింది? దీనికి ఒక మాట మీకు తెలియాలి. నాయక్వాడీలు.

గోలకొండ సుల్తానుల సైన్యంలో రౌతులు, అంటే గుర్రాల మీద పోరాడేవాళ్ళు, పారశీకం నుంచి, అరబ్బు దేశాల నుంచి, ఆఫ్రికాలోని హబషీ దేశం నుంచి వచ్చినవాళ్ళూ, దక్కనులోనే పుట్టినవాళ్ళూ ఉండేవారు. కోటలకు కాపలా కాసే కాల్బలం మాత్రం చాలావరకు తెలుగువాళ్ళు. వాళ్ళనే నాయక్వాడీలు అనేవారు. కోట తలుపు సాయంకాలం మూసేది వాళ్ళే, తెల్లవారి తీసేది వాళ్ళే. బురుజుల మీద రాత్రి మేలుకుని ఉండేదీ, కొండల్లో అడ్డదారులు తెలిసినదీ, ఉత్తరాలు మోసుకుపోయేదీ వాళ్ళే. రౌతు జీతం ఎక్కువ, దర్బారులో మర్యాద ఎక్కువ. కాని ఒక్కసారి ఆలోచించండి: రాజు రాత్రి నిద్రపోతే, అతనికీ అతని శత్రువుకూ మధ్య ఉండేది ఎవరు? తలుపు దగ్గర ఈటె పట్టుకుని నిలబడ్డ నాయక్వాడీ. ఆ నాయక్వాడీలకు జగదేవరావు సర్దారు. అతని బలమంతా అక్కడ ఉన్నది.

ఇప్పుడు 1543కు వెళదాం. గోలకొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ అప్పటికి తొంభై ఏళ్ళ ముసలివాడు. కోటలోని మసీదులో నమాజు చేస్తూ ఉండగా అతన్ని ఒకడు చంపాడు. ఆ పని చేయించినది అతని కొడుకు జంషీదేనని చరిత్ర చెబుతున్నది. జంషీద్ గద్దె ఎక్కాడు. అన్న కళ్ళు అప్పటికే తీయించాడు. తమ్ముడు దౌలత్‌ను భువనగిరి కోటలో కైదు చేయించాడు. కడగొట్టు తమ్ముడు ఇబ్రహీం దేవరకొండలో ఉన్నాడు. తన వంతు వస్తుందని అతనికి తెలుసు. గుర్రమెక్కి మొదట బీదరుకూ, అక్కడి నుంచి విజయనగరానికీ పారిపోయాడు.

విజయనగరంలో అప్పుడు పేరుకు రాజు సదాశివరాయలు. పెత్తనమంతా అళియ రామరాయలది. రామరాయలు ఈ కుర్రవాణ్ణి ఆదరించి జాగీరు ఇచ్చాడు. ఆ జాగీరు లోగడ అంబర్ ఖాన్ అనే హబషీ సర్దారుకు ఉండేది. అతనికి ఒళ్ళు మండి, నడివీధిలో ఇబ్రహీంను కత్తియుద్ధానికి పిలిచాడనీ, ఇబ్రహీం గెలిచాడనీ ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడు. ఇబ్రహీం అక్కడ ఏడేళ్ళున్నాడు. తెలుగు బాగా నేర్చుకున్నాడు. తర్వాత అతను రాజయినాక తెలుగు కవులు అతన్ని "మల్కిభరాముడు" అని పిలిచారు. అద్దంకి గంగాధరకవి తన "తపతీ సంవరణోపాఖ్యానం" కావ్యాన్ని అతనికే అంకితమిచ్చాడు.

ఇక 1550. జనవరిలో జంషీద్ జబ్బు చేసి చచ్చిపోయాడు. కొడుకు సుభాన్ పసివాడు. పసివాడికి పట్టం కట్టి, రాజ్యం నడపటానికి రాణి అహ్మద్‌నగరు నుంచి సైఫ్ ఖాన్ అనే సర్దారును పిలిపించింది. ఈ సైఫ్ ఖాన్ వచ్చిన కొద్దిరోజులకే దర్బారులో చాలామందికి అతనంటే పడకుండా పోయింది. పసివాణ్ణి అడ్డం పెట్టుకుని ఇతనే రాజు కాబోతున్నాడని గుసగుసలు లేచాయి.

జగదేవరావు గుసగుసలతో ఆగే మనిషి కాడు. భువనగిరికి వెళ్ళాడు. మీలో హైదరాబాదు నుంచి వరంగల్లు రైల్లో వెళ్ళినవాళ్ళు భువనగిరి గుట్ట చూసే ఉంటారు. తాబేలు వీపులాగా నున్నగా ఉండే ఒకే ఒక్క పెద్ద బండ, దాని మీద కోట. ఆ కోటలో కైదులో ఉన్న దౌలత్‌ను జగదేవరావు బయటికి తెచ్చి, "ఇతనే రాజు!" అన్నాడు. పాపం, ఈ దౌలత్‌కు మతి స్థిరం లేదని అందరూ అనేవారు. మరి అటువంటివాణ్ణి రాజుగా ఎందుకు నిలబెట్టాడు? అతని పేరు మీద తాను పెత్తనం చెయ్యవచ్చునని కాబోలు. సైఫ్ ఖాన్ పసివాడి పేరు మీద చేసేదీ అదే గదా! ఇక్కడ ఇద్దరిలో మంచివాడు ఎవడని వెతకటం నాకు చేతకాలేదు.

సైఫ్ ఖాన్ ఫౌజు తెచ్చి భువనగిరి గుట్టను చుట్టుముట్టాడు. అంత నున్నటి బండ మీదికి ఎక్కటం ఎవరి తరమూ కాదు. కాని ముట్టడి అంటే ఎక్కటమే కానక్కర్లేదు. కింద నుంచి బియ్యమూ గడ్డీ పైకి పోకుండా చూస్తే చాలు. లోపలి ధాన్యం అయిపోయింది. జగదేవరావు లొంగిపోయాడు. అతన్ని తీసుకుపోయి గోలకొండ కోటలో కైదు చేశారు.

సైఫ్ ఖాన్ చేసిన పొరపాటు ఇదే. ఆలోచించండి, నాయక్వాడీల సర్దారును తీసుకుపోయి నాయక్వాడీలు కాపలా కాసే కోటలోనే పెట్టాడు!

ఈలోగా దర్బారులోని కొందరు ముస్తఫా ఖాన్ అనే ఆయనతో కలిసి విజయనగరంలో ఉన్న ఇబ్రహీంకు రహస్యంగా ఉత్తరాలు రాశారు. "నువ్వు వస్తే రాజ్యం నీది" అని. ఇబ్రహీం కృష్ణ దాటి పానగల్లుకు వచ్చాడు, అక్కడి నుంచి కోయిలకొండకు వచ్చాడు. ఒక్కొక్క సర్దారే వచ్చి కలిశాడు. సైఫ్ ఖాన్ అతన్ని ఎదుర్కోవటానికి సైన్యంతో కోట బయటికి వచ్చాడు. అతనలా బయటికి వచ్చాడో లేదో, గోలకొండలోని నాయక్వాడీలు లేచారు. జైలు తలుపు బద్దలుకొట్టి తమ సర్దారును విడిపించారు. పసివాడు సుభాన్‌నూ, సైఫ్ ఖాన్ మనుషులనూ పట్టుకుని, కోట తలుపులు మూసి, ఇబ్రహీంకు కబురు పంపారు.

పొద్దున కైదీగా ఉన్నవాడు పొద్దుగుంకేసరికి కోటకు యజమాని! ఆ సంగతి తెలిసి సైఫ్ ఖాన్ ఇక వెనక్కి చూడకుండా బీదరుకు పారిపోయాడు. కోట తన చేతిలో లేనివాడు బయట ఎంత సైన్యం పెట్టుకుని ఏం లాభం?

1550 జూలై 27న ఇబ్రహీం గోలకొండలో గద్దె ఎక్కాడు. కోట తలుపులు తెరిచి అతన్ని లోపలికి తెచ్చినది జగదేవరావు.

కథ ఇక్కడ ఆగితే జగదేవరావును మనం మహావీరుడనేవాళ్ళం. కాని ఆగలేదు.

కొత్త రాజుకు ఒక చిక్కు వచ్చింది. అది ఎటువంటిదో మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మీరు ఇంటికి తాళం వేసుకున్నారనుకోండి. తాళపు చెవి ఇంకొకరి దగ్గర ఉన్నది. అతను మంచివాడే, మిమ్మల్ని ఆ ఇంట్లో పెట్టినవాడే. అయినా రోజూ పడుకునేముందు మీకు అతనే గుర్తుకొస్తాడు. అవునా? రాజ్యంలోని కోటలన్నిటిలోనూ జగదేవరావు మాట వినే నాయక్వాడీలే ఉన్నారు. జగదేవరావు దర్జా కూడా రోజురోజుకూ పెరిగింది. "నేను పెట్టిన రాజే గదా" అని అతని మనస్సులో ఉండి ఉంటుంది.

కొన్నాళ్ళకు, ఇబ్రహీంను దించి మళ్ళీ దౌలత్‌నే రాజును చెయ్యాలని కుట్ర జరుగుతున్నదని బయటపడింది. అందులో రాయరావు అనే ఉద్యోగి ఉన్నాడు, అతన్ని చంపించారు. జగదేవరావుకు తన వంతు వస్తుందని అర్థమయింది. ఒకప్పుడు దేవరకొండలో ఇబ్రహీంకు అర్థమయినట్టుగానే! తన రౌతులనూ, నాయక్వాడీలనూ వెంటబెట్టుకుని ఉత్తరంగా బయలుదేరాడు. ఎక్కడికి? గోదావరికి అవతల బీరారు రాజ్యానికి. ఏ దారిన? ఎలగందల మీదుగా.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు చెప్పిన మాట ఇక్కడ వచ్చింది. ఎలగందల కోట కరీంనగరు నుంచి సిరిసిల్ల పోయే దారిలో మానేరు ఒడ్డున ఉన్నది. 1905లో కరీంనగరుకు మార్చేవరకూ జిల్లాకు ముఖ్యపట్టణం ఎలగందలే. ఉత్తరపు సరిహద్దు మీద అది గోలకొండకు కాపలా కోట. ఇక్కడే దండు ఎందుకు ఆగుతుందో తెలుసుకోవాలంటే లెక్క వేసి చూడండి. ఒక గుర్రం రోజుకు సుమారు 30 లీటర్ల నీళ్ళు తాగుతుంది. వెయ్యి గుర్రాలుంటే రోజుకు 30,000 లీటర్లు. ఏనుగులు, ఎద్దులు, మనుషులు వేరు. అందుకని పూర్వం దండ్లు చెరువు నుంచి చెరువుకు, ఏరు నుంచి ఏటికి నడిచేవి. మానేరు వంటి ఏరు, దాని పక్కనే కోట, చుట్టూ వరిపొలాలు. దండుకు ఇంతకన్నా ఏం కావాలి?

దండుకు సరే, ఆ పొలాలు వేసినవాళ్ళకు? గుర్రాలకు గడ్డి కావాలంటే సేనాని కొనుక్కుని రాడు. దారిలో ఏ చేను ఉంటే ఆ చేనే. జగదేవరావు గోలకొండ రాజుకు ద్రోహం చేశాడా, లేక ప్రాణం కాపాడుకున్నాడా అని దర్బారులో వాదించుకుని ఉంటారు. మానేటి ఒడ్డున రైతుకు మాత్రం అటు దండు పోయినా, ఇటు దండు వచ్చినా, ఆ ఏడు తిండిగింజల మాటేమిటన్నదే ప్రశ్న. చరిత్ర పుస్తకాల్లో ఆ రైతు పేరు ఎక్కడా కనిపించదు.

బీరారులో జగదేవరావుకు మంచి ఆదరం దొరికింది. కత్తి పట్టటం తెలిసిన సర్దారు, వెనక అనుభవం గల సైనికులు. ఏ రాజు వద్దంటాడు? జాగీరు ఇచ్చారు. కాని కొంతకాలానికి బీరారు రాజుకు కూడా ఇబ్రహీంకు పట్టుకున్న భయమే పట్టుకున్నది. జగదేవరావు దర్జా అక్కడా పెరిగింది. చివరికి "మా రాజ్యం వదిలి వెళ్ళు" అని చెప్పారు. అతను మళ్ళీ దక్షిణానికి తిరిగాడు. మళ్ళీ ఎలగందల వైపు నుంచే గోలకొండ రాజ్యంలోకి దిగి, దారి పొడుగునా ఊళ్ళు దోచుకుంటూ ఖమ్మం దిక్కుగా నడిచాడు. ఇబ్రహీం ముస్తఫా ఖాన్‌ను అతని మీదికి పంపాడు. జ్ఞాపకం ఉన్నదా? ఇబ్రహీంను పిలవటానికి ఉత్తరాలు రాసినవాడు ముస్తఫా ఖాన్, తలుపు తీసినవాడు జగదేవరావు. ఒకే రాజును ఇద్దరూ కలిసి గద్దె ఎక్కించారు. ఇప్పుడు ఖమ్మం దగ్గర ఒకరి మీద ఒకరు కత్తులు దూశారు. జగదేవరావు ఓడిపోయాడు. మిగిలినవాళ్ళతో కృష్ణ దాటి విజయనగరం చేరాడు.

చూశారా, ఇబ్రహీం పారిపోయి తలదాచుకున్న చోటికే జగదేవరావు కూడా చేరుకున్నాడు. రామరాయలు ఇతన్నీ ఆదరించాడు. రామరాయలకు ఇటువంటి మనుషుల సంగతి బాగా తెలుసు. ఎందుకంటే అతనూ ఒకప్పుడు అటువంటివాడే! కుర్రతనంలో గోలకొండ సుల్తాన్ కులీ దగ్గర కొలువు చేశాడు. తనకు అప్పగించిన సీమను బీజాపురం వాళ్ళు వచ్చి పట్టుకుంటే పారిపోయి వచ్చాడని సుల్తాను కొలువు తీసేశాడు. అప్పుడు విజయనగరం వెళ్ళి శ్రీకృష్ణదేవరాయల కొలువులో చేరి, ఆయనకు అల్లుడయ్యాడు. "అళియ" అంటే కన్నడంలో అల్లుడని అర్థం. ఈ కథను గోలకొండ చరిత్రకారుడే రాశాడు.

విజయనగరం చేరినా జగదేవరావు దృష్టి గోలకొండ మీదనే ఉన్నది. అతను సైన్యాలకన్నా పదునైన ఆయుధం వాడాడు. ఉత్తరాలు! కోటల్లో ఉన్న తన పాత నాయక్వాడీలకు రహస్యంగా కబుర్లు పంపాడు. గోలకొండలో వాళ్ళకు పెద్ద అయిన సూర్యారావు ఒప్పుకున్నాడు. ఇబ్రహీం కోట దాటి బయటికి వెళ్ళిన రోజున తలుపులు మూసెయ్యాలని పథకం వేశారు. అంటే 1550లో సైఫ్ ఖాన్‌కు చేసినదే ఇబ్రహీంకూ చెయ్యాలని. కాని ఈసారి గుట్టు బయటపడింది. సూర్యారావూ, చాలామంది నాయక్వాడీలూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ పాఠంలో నాకు బాధ కలిగించే చోటు ఇదే. జగదేవరావు విజయనగరంలో క్షేమంగా ఉన్నాడు. అతని మాట నమ్మినవాళ్ళు గోలకొండలో చచ్చిపోయారు. ఒకప్పుడు జైలు తలుపు బద్దలుకొట్టి తనను విడిపించినది ఆ నాయక్వాడీలే. వాళ్ళకోసం ఏ తలుపూ తెరవటం అతనికి సాధ్యం కాలేదు.

1563లో రామరాయలకూ ఇబ్రహీంకూ చెడింది. ఇబ్రహీం అహ్మద్‌నగరు సుల్తానుతో చేరి కల్యాణి కోటను ముట్టడించాడు. రామరాయలు పెద్ద సైన్యంతో వచ్చి ఆ ముట్టడి విడగొట్టాడు. విజయనగర సైన్యం గోలకొండ దాకా వచ్చింది. ఆ సైన్యంలో జగదేవరావు ఉన్నాడు. తాను ఒకప్పుడు తెరిచిన తలుపులను బయట నిలబడి చూశాడన్నమాట. కోట మాత్రం పడలేదు. చివరికి సంధి కుదిరి, పానగల్లు, ఘనపురం కోటలు రామరాయల చేతికి పోయాయి. పానగల్లు అంటే, పదమూడేళ్ళ కింద రామరాయల ఆశ్రయం వదిలి వచ్చి ఇబ్రహీం మొదట కాలు పెట్టిన కోట! ఆ అవమానం ఇబ్రహీం మరిచిపోలేదు. రెండేళ్ళు తిరగకుండానే సుల్తానులు ఒకటయ్యారు. 1565 జనవరి 23న తళ్ళికోట యుద్ధంలో రామరాయల తల పోయింది, విజయనగరం పాడయింది. ఆ యుద్ధం సంగతి మీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది గనక ఇక్కడ పెంచను.

గోలకొండ కోటను ఇబ్రహీం రాతితో, సున్నంతో కొత్తగా గట్టి చేయించాడు. మక్కా దర్వాజా మీద 1559 నాటి శాసనం ఉన్నది; ఈసారి వెళ్ళినప్పుడు తల ఎత్తి చూడండి. ఎంత గట్టి గోడ అంటే, 1687లో ఔరంగజేబు పెద్ద ఫిరంగులతో ఎనిమిది నెలలు ముట్టడించినా కూలలేదు. మరి కోట ఎలా పోయింది? సెప్టెంబరులో ఒక రాత్రి లోపల ఉన్న సర్దారు అబ్దుల్లా ఖాన్ తలుపు తీశాడు.

మరి జగదేవరావు ద్రోహియా? పెద్దవాళ్ళలో కొందరు "తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు" అంటారు. నాకూ ఒక్కొక్కప్పుడు అలాగే అనిపిస్తుంది. కాని ఒక సంగతి మరిచిపోకూడదు. ఈ కథ మనకు ఎక్కువగా తెలిసినది పారసీ భాషలో రాసిన ఒక గోలకొండ చరిత్ర వల్ల. అది 1617 ప్రాంతంలో పూర్తయింది. రాసినతను తన పేరు చెప్పలేదు. జాన్ బ్రిగ్స్ అనే ఇంగ్లీషు అధికారి ఫెరిష్తా చరిత్రను ఇంగ్లీషులోకి మార్చి 1829లో అచ్చువేయించినప్పుడు దీన్ని కూడా అందులో చేర్చాడు. రాసినది ఎవరో గాని, గోలకొండ సుల్తానుల మనిషే. రాజు తప్పు చేస్తే అందులో మెల్లగా ఉంటుంది. సర్దారు తప్పు చేస్తే గట్టిగా ఉంటుంది. స్టక్లీ మీద లండన్‌లో నాటకాలు ఆడారని చెప్పాను గదా. జగదేవరావు మీద బుర్రకథ గాని, ఒగ్గుకథ గాని నేను ఎక్కడా వినలేదు. మీ ఊళ్ళలో ఎవరైనా ముసలివాళ్ళకు తెలిస్తే అడిగి రాసి పంపండి.

ఇంకొక్క సంగతి. బెంగుళూరు నుంచి మైసూరు వెళ్ళే దారిలో చన్నపట్నం అనే ఊరున్నది. రంగురంగుల కర్రబొమ్మలకు ప్రసిద్ధి. తళ్ళికోట యుద్ధం తర్వాతి కాలంలో ఆ ఊరు జగదేవరాయలు అనే తెలుగు ప్రభువు చేతిలో ఉండేది. పెనుకొండ మీదికి బీజాపురం సైన్యం వచ్చినప్పుడు కోటను కాపాడినందుకు విజయనగర రాజు అతనికి ఆ సీమ ఇచ్చాడు. ఆ జగదేవరాయలూ మన జగదేవరావూ ఒకటేనని కొందరు చరిత్రకారులు రాశారు. కాదు, వేరని మరికొందరన్నారు. జగిత్యాల తాతకూ, కోరుట్ల మామకూ వచ్చిన తగాదా చదువుకున్న పండితులకూ వచ్చిందన్నమాట!

సిరిసిల్ల అబ్బాయీ, మీ ఊరి నుంచి కరీంనగరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చో. ఎలగందల దగ్గర గుట్ట కనిపిస్తుంది. గుట్ట మీద మసీదుకు రెండు మినార్లున్నాయి. ఒకదాని పైకెక్కి ఊపితే రెండోది కూడా ఊగుతుందని చెప్పుకుంటారు. వాటిని జగదేవరావు చూడలేదు. అవి 1754లో కట్టినవి. అతను గుర్రం దిగి చూసినది ఆ గుట్టనూ, దాని కింద మానేటినీ, ఒడ్డున పచ్చటి వరిచేలనూ.